నిక్కీ హేలీకి ఓటు వేస్తున్నవారు ఆమెను కోరుకుంటున్నారా, ట్రంప్‌ను వద్దనుకుంటున్నారా?

ఓరుగల్లు (నాషువా, న్యూ హాంప్‌షైర్) | 2024 జనవరి 25

మొన్న మంగళవారం మా రాష్ట్రంలో రిపబ్లికన్ ప్రైమరీ (పార్టీ అధ్యక్ష అభ్యర్థిని ఎంచుకునే ఎన్నిక) జరిగింది. ట్రంప్‌కు 54 శాతం, సౌత్ కరోలినా మాజీ గవర్నరు నిక్కీ హేలీకి 43 శాతం ఓట్లు వచ్చాయి. వారం క్రితం అయోవా కాకస్‌లో (పార్టీవారు సమావేశమై అభ్యర్థిని ఎంచుకునే పద్ధతి) 19 శాతంతో మరో అభ్యర్థి డిశాంటిస్ వెనుక మూడవ స్థానంలో నిలిచిన అభ్యర్థికి ఇక్కడ ఇన్ని ఓట్లు ఎలా పడ్డాయంటే, అవి స్వతంత్ర ఓటర్లు వేసినవనీ వాటిని ఆమె సొంత బలంగా లెక్కించరాదనీ విశ్లేషకులు ఒక్క వాక్యంలో తేల్చేస్తున్నారు. ఆ స్వతంత్ర ఓటర్లలో నేనూ ఒకడిని కనుక ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

మా రాష్ట్రంలో ఏ పార్టీలోనూ నమోదు కాని ఓటర్లు సుమారు 40 శాతం ఉంటారు. పోలింగ్ కేంద్రంలో ఏ పార్టీ బ్యాలట్ కావాలో చెప్పి తీసుకుంటాము, ఓటు వేసిన తరువాత అక్కడే సంతకం చేసి మళ్ళీ ఏ పార్టీకీ చెందని జాబితాలోకి వెళ్ళిపోవచ్చు. డెమొక్రాట్లుగా నమోదైనవారు మాత్రం నిరుడు అక్టోబరు 6వ తేదీలోపు ఆ నమోదు మార్చుకొని ఉంటే తప్ప రిపబ్లికన్ ప్రైమరీలో ఓటు వేయలేరు. కాబట్టి డెమొక్రాట్లు గుంపులుగా వచ్చి హేలీని గెలిపించబోయారన్న ప్రచారంలో పస లేదు.

నా వరకు చెప్పాలంటే, ఉక్రెయిన్‌కు సహాయం కొనసాగించాలని తన పార్టీ సభల్లోనే నిలబడి వాదించినందుకూ, అప్పుల విషయంలో రెండు పార్టీలనూ, ట్రంప్ కాలాన్ని కూడా కలిపి, తప్పుపట్టినందుకూ ఆమెకు ఓటు వేశాను. మా కార్యాలయంలో ఆమెకే ఓటు వేసిన మరో ఇద్దరిని అడిగితే, అక్కడ ఎవరున్నా సరే, ట్రంప్ కాకపోతే చాలు అన్నారు. మూడు ఓట్లూ ఒకే పెట్టెలో పడ్డాయి. మీరంతా వేరువేరు రాష్ట్రాల్లో ఉన్నారు కనుక ఆమెను అభ్యర్థిగా ఎలా చూస్తున్నారో చెప్పండి. ట్రంప్ మీద వాదన ఇక్కడ ఇదివరకే చాలా జరిగింది, దాన్ని దయచేసి మళ్ళీ ఎత్తుకోవద్దు.

సీమబిడ్డ (కమ్మింగ్, జార్జియా) | 2024 జనవరి 25

ఓరుగల్లు గారూ, పార్టీలో ఉండి ఓటు వేసే నావంటివాడి అభిప్రాయం కూడా వినండి. ఆమె తెలివితేటల మీద నాకు అనుమానం లేదు. నమ్మకం కుదరకపోవడానికి కారణం వేరు. 2016 ప్రైమరీలో ఆమె మొదట మార్కో రూబియోను, తరువాత టెడ్ క్రజ్‌ను సమర్థించి, ట్రంప్‌ను తీవ్రంగా విమర్శించారు. ఆయన గెలిచాక ఆయన ప్రభుత్వంలోనే ఐక్యరాజ్యసమితి రాయబారి పదవి తీసుకున్నారు. 2021 జనవరి 6న ట్రంప్ మద్దతుదారులు కాంగ్రెస్ భవనం మీద దాడి చేసిన తరువాత ఆయన వెళ్ళకూడని దారిలో వెళ్ళారని ఒక ఇంటర్వ్యూలో అన్నారు. అదే సంవత్సరం ఏప్రిల్ వచ్చేసరికి, ట్రంప్ పోటీ చేస్తే తాను చేయనని విలేఖరుల ముందు చెప్పారు. 2023 ఫిబ్రవరిలో ఆయన మీద బరిలోకి దిగిన పేరున్నవారిలో మొదటివారు ఆమే.

ఒక్కో మలుపుకూ ఒక్కో సమర్థన ఉండవచ్చు. అయినా అన్నిటినీ కలిపి చూసినవారికి అది గోడ మీద పిల్లి వాటంగానే కనిపిస్తుంది. నవంబరులో సామాజిక మాధ్యమాల్లో ప్రతి ఒక్కరూ తమ అసలు గుర్తింపును ధ్రువీకరించుకోవాలన్నారు, స్వపక్షం నుంచే విమర్శలు వచ్చాక వెనక్కి తగ్గారు. ఇప్పుడు ఇరవైలలో ఉన్న యువతకు పదవీ విరమణ వయసు పెంచాలన్న ప్రతిపాదన లెక్కల ప్రకారం సరైనదే కావచ్చు, కానీ పార్టీకి కొత్తగా వచ్చిచేరిన శ్రామిక ఓటరు దాన్ని ఎలా వింటాడన్నది ఆమె ఆలోచించినట్లు లేదు. నా దృష్టిలో ఆమె 2012 నాటి రిపబ్లికన్ పార్టీకి తగిన అభ్యర్థి.

సాగరతీరం (చార్లెస్టన్, సౌత్ కరోలినా) | 2024 జనవరి 27

ఆమె గవర్నరుగా ఉన్న 2011–2017 కాలమంతా నేను ఇక్కడే ఉన్నాను, ఇక్కడే వైద్యం చేశాను. అందువల్ల నా అభిప్రాయం ఈ ఏడాది ప్రసంగాలను బట్టి ఏర్పడినది కాదు, కొంచెం ఎక్కువ రాస్తే మన్నించండి.

2015 జూన్ 17న మా ఊరి ఇమాన్యుయేల్ చర్చిలో తొమ్మిదిమంది నల్లజాతీయులను ఒక శ్వేతజాతి దురహంకారి కాల్చి చంపాడు. ఆ తరువాత శాసనసభ ప్రాంగణంలో ఎగురుతున్న కాన్ఫెడరేట్ జెండాను (అంతర్యుద్ధంలో విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల జెండా) తొలగించాలని హేలీ పిలుపునిచ్చారు. సెనేట్ 36–3 తేడాతో, ప్రతినిధుల సభ 94–20 తేడాతో ఆమోదించాయి, జూలై 10న జెండా దిగింది. ఆనాడు సొంత పార్టీ సభ్యులను కూడగట్టడం ఎంత కష్టమో ఇక్కడివారికి తెలుసు. ఆమె మృతుల అంత్యక్రియలకు వెళ్ళిన తీరు, సభ్యులతో వ్యక్తిగతంగా మాట్లాడిన తీరు నన్ను కదిలించాయి. అదే సమయంలో, 2014 ఎన్నికల చర్చలో ఈ జెండా గురించి ప్రత్యర్థి లేవనెత్తినప్పుడు, ఏ కంపెనీ అధిపతీ తనతో దీని గురించి ఒక్కసారైనా మాట్లాడలేదని చెప్పి ఆమె విషయాన్ని పక్కకు నెట్టిన సంగతీ గుర్తుంది. పరిస్థితి తోసుకువచ్చినప్పుడు ధైర్యంగా నడవగలరు, పరిస్థితి రాకముందు మాత్రం అడుగు ముందుకు వేయరు. ఆమె రాజకీయమంతా ఇందులో ఉందని నా అంచనా.

వోల్వో మా పక్క బర్క్‌లీ కౌంటీకి కార్ల కర్మాగారంతో వచ్చింది ఆమె హయాంలోనే. మరో పక్క ఒబామా ఆరోగ్య చట్టం కింద మెడికెయిడ్‌ను (పేదలకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) విస్తరించే అవకాశాన్ని ఆమె నిరాకరించారు, దాని ఫలితం నా రోగుల్లో బీమా లేనివారి రూపంలో నేటికీ చూస్తున్నాను. పాలన తెలిసినవారు, క్రమశిక్షణ ఉన్నవారు అన్నందుకు అభ్యంతరం లేదు. ఉదారవాది అని ఎవరైనా అనుకుంటే వారు మా రాష్ట్రంలో నివసించలేదని అర్థం.

ఇక ఫిబ్రవరి 24న ఇక్కడ జరగబోయేది చూడండి. ఆమెకు లెఫ్టినెంట్ గవర్నరుగా పనిచేసి, ఆమె ఐక్యరాజ్యసమితికి వెళ్ళగానే గవర్నరైన మెక్‌మాస్టర్ ట్రంప్ పక్షాన ఉన్నారు. ఆమె స్వయంగా 2012లో సెనేట్‌కు నియమించిన టిమ్ స్కాట్ కూడా అటే వెళ్ళారు. కాంగ్రెస్‌లో ఆమె వెంట నిలిచిన పేరున్నవారు రాల్ఫ్ నార్మన్ ఒక్కరే. సొంత ఇంట్లో ఇలా ఎందుకైందన్న ప్రశ్నకు సీమబిడ్డ గారు చెప్పిన జవాబు సగమే సరిపోతుంది. మిగతా సగం ఆ నాయకుల భవిష్యత్తు లెక్కల్లో ఉంది.

నైరుతి (ఫ్రిస్కో, టెక్సస్) | 2024 జనవరి 28

నేను ఇన్నేళ్ళుగా రిపబ్లికన్ ప్రైమరీలోనే ఓటు వేస్తున్నాను, ఈసారి హేలీకి వేయాలని ఆగస్టులోనే నిశ్చయించుకున్నాను. మిల్వాకీలో జరిగిన తొలి చర్చలో గర్భస్రావంపై దేశవ్యాప్త నిషేధం గురించి అడిగినప్పుడు, సెనేట్‌లో 60 ఓట్లు లేకుండా అటువంటి చట్టం రాదనీ, లేని బలాన్ని ఉన్నట్లు చెప్పి జనాన్ని మోసగించవద్దనీ ఆమె సూటిగా అన్నారు. ఆ వేదిక మీద ఉన్న ఎనిమిదిమందిలో ఒక్క స్త్రీ ఆమె. గర్భస్రావాన్ని వ్యతిరేకిస్తూనే, ఆ స్థితిలో ఉన్న మహిళను నేరస్థురాలిగా చూడవద్దని చెప్పగలిగారు. మా ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలున్నారు, పార్టీ ఈ విషయంలో మాట్లాడే తీరుకు నేను ఎన్నోసార్లు తలదించుకున్నాను.

అయితే నవంబరులో అయోవాలో మాట్లాడుతూ, తాను గవర్నరుగా ఉండగా ఆరు వారాల తరువాత గర్భస్రావ నిషేధం తన ముందుకు వచ్చి ఉంటే సంతకం చేసేదాన్నని కూడా ఆమె చెప్పిన మాట ఉంది. ఈ రెంటినీ కలిపి చూస్తే ఆమె చట్టం కన్నా స్వరాన్ని మారుస్తున్నారని మా పెద్దమ్మాయి వాదన. పద్దెనిమిదేళ్ళు నిండిన ఓటరు కనుక ఆమె వాదనను కొట్టిపారేయలేను. నాకు మాత్రం స్వరం కూడా ముఖ్యమే.

వరుసలో ఉన్నవాడు (చార్లట్, నార్త్ కరోలినా) | 2024 జనవరి 28

నేను ఓటరును కాను, హెచ్1బీ మీద పనిచేస్తూ గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూసేవారిలో ఒకడిని. ఒక్కో దేశానికి 7 శాతం అన్న పరిమితి వల్ల మన వంతు ఎప్పటికి వస్తుందో తెలియదు. భారత సంతతి అభ్యర్థి కనుక ఈ విషయంలో ఆమె నుంచి ఏమైనా ఆశించవచ్చునా అని అడుగుతున్నాను. మా అపార్టుమెంట్లలో చాలామంది ఆమెను "మనమ్మాయి" అంటున్నారు.

గోదారిగట్టు (ఎడిసన్, న్యూజెర్సీ) | 2024 జనవరి 29

నాయనా, ఆశించడం తప్పు కాదు, కానీ ఆమె చెప్పినదేమిటో చూసి ఆశించు. చట్టబద్ధమైన వలసలను కోటాలతో కాక ప్రతిభ ఆధారంగా, దేశ అవసరాన్ని బట్టి నిర్ణయించాలని ఆమె అంటున్నారు. అది నీకు అనుకూలంగా వినిపిస్తుంది. దేశాలవారీ పరిమితిని ఎత్తివేస్తానని ఆమె ప్రచారంలో ప్రధానంగా చెప్పినట్లు నేను వినలేదు. సరిహద్దు విషయంలో తక్కిన అభ్యర్థులంత కఠినంగానే మాట్లాడుతున్నారు.

ఇక మనమ్మాయి అన్న మాట. ఆమె తల్లిదండ్రులు అజిత్ సింగ్ రంధావా, రాజ్ కౌర్ పంజాబునుంచి వచ్చి బాంబర్గ్ అనే చిన్న ఊరిలో స్థిరపడ్డారు. తండ్రి నల్లజాతి విద్యార్థుల కోసం ఏర్పడిన వూర్హీస్ కళాశాలలో బోధించారు, తల్లి బట్టల దుకాణం నడిపితే పదమూడేళ్ళ వయసులోనే ఈమె దాని లెక్కలు రాసింది. ఊరి పిల్లల అందాల పోటీలో తెల్లవారికొక కిరీటం, నల్లవారికొక కిరీటం ఇచ్చేవారట. ఈ అక్కాచెల్లెళ్ళు రెండింటిలోనూ చేరరని పోటీనుంచి తప్పించిన సంగతి ఆమే చెప్పుకున్నారు. 2010లో గవర్నరు పదవికి పోటీ చేసినప్పుడు సొంత పార్టీ శాసనసభ్యుడొకరు తలపాగాను ఎత్తిచూపే నీచమైన తిట్టుతో ఆమెను అవమానించాడు. ఇంత అనుభవించిన మనిషి ఈ నెలలోనే టెలివిజన్‌లో కూర్చుని, అమెరికా ఎన్నడూ జాతివివక్ష గల దేశం కాదని చెప్పారు. నాకు ఆ మాట మింగుడుపడలేదు. అయినా ఆమె పుట్టుపేరులోని నిమ్రతను ట్రంప్ అక్షరాలు తారుమారు చేసి వెక్కిరిస్తుంటే, నాకు కోపం వచ్చింది కూడా నిజమే.

ఈ రెండూ పక్కన పెడితే, సంతతిని చూసి ఓటు వేసేటట్లయితే మరో రిపబ్లికన్ అభ్యర్థి వివేక్ రామస్వామికీ వేయాలి, డెమొక్రాట్లలో కమలా హారిస్‌కూ వేయాలి. ఆ ముగ్గురికీ ఉమ్మడిగా ఉన్న అభిప్రాయాలు ఎన్ని? మయామీ చర్చలో రామస్వామి హేలీ కూతురి టిక్‌టాక్ ప్రస్తావన తెచ్చినప్పుడు ఆమె ఆయనను ఏమన్నారో అందరూ విన్నారు. మన సంతతి అన్నది ఒక పరిచయం వరకే పనికివస్తుంది.

మా న్యూజెర్సీలో ప్రైమరీ జూన్ 4న. అప్పటికి అంతా అయిపోతుంది. అందువల్ల నేను ప్రేక్షకుణ్ణే.

విశాఖవాసి (విశాఖపట్నం) | 2024 జనవరి 30

పెద్దలకు నమస్కారం. నేను రాజనీతి శాస్త్రం చదువుతున్నాను. ఇక్కడ కూడా శాసనసభ ఎన్నికలు వస్తున్నాయి, టికెట్టు ఎవరికన్నది అధినేత నిర్ణయిస్తాడు, బీ-ఫారం అందేవరకు ఎవరికీ నమ్మకం ఉండదు. పార్టీలో సభ్యుడు కానివాడు కూడా ఆ పార్టీ అభ్యర్థిని ఎన్నుకోవచ్చునన్నది నాకు ఆశ్చర్యంగా ఉంది. అలా బయటివారి ఓట్లతో ముందుకు వచ్చిన అభ్యర్థిని పార్టీవారు తమ అభ్యర్థిగా ఎందుకు అంగీకరించాలి?

ఓరుగల్లు | 2024 జనవరి 30

బాబూ, ఈ చర్చకు అసలు కీలకం నీ ప్రశ్నలోనే ఉంది. ఒక్కో రాష్ట్రానిది ఒక్కో పద్ధతి. సౌత్ కరోలినా, టెక్సస్, జార్జియాలలో పార్టీవారీ నమోదే లేదు, ఏదో ఒక పార్టీ బ్యాలట్ ఎంచుకుంటే చాలు. పెన్సిల్వేనియా వంటి చోట్ల ఆ పార్టీలో నమోదైనవారే ఓటు వేయాలి. నామినేషన్ దక్కాలంటే పార్టీ మహాసభలో అభ్యర్థిని ఎన్నుకునే 2,429 మంది ప్రతినిధులలో 1,215 మంది కావాలి. బయటివారి ఓట్లతో ఒక రాష్ట్రంలో పరువు దక్కుతుంది గాని, వరుసగా యాభై చోట్ల నెగ్గడం సాధ్యం కాదు. హేలీ బృందం వాదన ఏమిటంటే, నవంబరులో గెలుపోటములు తేల్చేది ఆ బయటివారే కనుక వారు మెచ్చిన అభ్యర్థినే పార్టీ ఎంచుకోవాలని. తర్కంగా అది బాగుంది. పార్టీ కార్యకర్తకు మాత్రం, నీ ఇష్టం కాదు, పక్కింటివాడి ఇష్టం చూడు అన్నట్లుగా వినబడుతుంది.

ఆమె ప్రచారంలో నన్ను బాధించిన సంఘటన ఒకటి మా రాష్ట్రంలోనే జరిగింది. డిసెంబరు 27న బెర్లిన్ పట్టణంలో, అంతర్యుద్ధానికి కారణం ఏమిటని ఒక పౌరుడు అడిగాడు. ప్రభుత్వం ఎలా నడవాలి, స్వేచ్ఛలు ఏమిటి అంటూ ఆమె చాలాసేపు మాట్లాడి, బానిసత్వం అన్న మాటే ఎత్తలేదు. మర్నాడు, అది బానిసత్వం గురించేనన్నది అందరికీ తెలిసినదే అని సర్దుకున్నారు. కాన్ఫెడరేట్ జెండాను దించిన గవర్నరుకు ఆ జవాబు తెలియకనా? ఎవరో నొచ్చుకుంటారన్న లెక్క ఆమె నాలుకను పట్టుకుంది. సాగరతీరం గారు పైన రాసిన వాక్యం చదివినప్పుడు నాకు ఇదే గుర్తుకువచ్చింది.

సీమబిడ్డ | 2024 ఫిబ్రవరి 8

నెవాడా ఫలితం చూశారా? ట్రంప్ పేరు లేని ప్రైమరీలో "వీరిలో ఎవరూ కాదు" అన్న గడికి 63 శాతం, హేలీకి 30 శాతం. ప్రతినిధులు కాకస్ ద్వారా వస్తారనీ, ఆమె అక్కడ ప్రచారమే చేయలేదనీ తెలుసు. అయినా ఈ ఫలితాన్ని మా పార్టీ ఓటరు అభిప్రాయంగా మీరు ఒప్పుకోవాలి.

సాగరతీరం | 2024 ఫిబ్రవరి 25

నిన్న మా ఎన్నిక ముగిసింది. ట్రంప్‌కు దాదాపు 60 శాతం, హేలీకి 39.5 శాతం. ప్రతినిధులలో 50 మందికి 47 ఆయనకు, 3 ఈమెకు. ఆ మూడూ మా తీరప్రాంత జిల్లావే. చదువుకున్నవారు, బయటి రాష్ట్రాలనుంచి వచ్చి స్థిరపడినవారు, పాత తరం వ్యాపార కుటుంబాలవారు ఆమె వైపు ఉన్నారు. గ్రీన్‌విల్ వైపు కొండప్రాంతంలో సువార్త చర్చిల ఓటర్లు ఆమెను 2010లో గవర్నరును చేశారు, ఈసారి వారే ట్రంప్ వెంట నడిచారు.

నా క్లినిక్‌లో మాటల్లో వచ్చిన అభిప్రాయాలు కొన్ని చెబుతాను. మాజీ సైనికుడొకరు ఫిబ్రవరి 10 వరకు ట్రంప్‌కే వేయాలనుకున్నారు. ఆ రోజు కాన్వే సభలో ట్రంప్, ఆమె భర్త ఎక్కడికి పోయాడని వెటకారం చేశారు. మైఖేల్ హేలీ నేషనల్ గార్డ్‌తో ఆఫ్రికాలో విధుల్లో ఉన్నారు. ఆ సైనికుడు ఓటు మార్చుకున్నారు. ఒక ఉపాధ్యాయురాలు మాత్రం, గవర్నరుగా ఆమెకు రెండుసార్లూ వేసి, ఈసారి ట్రంప్‌కు వేశానన్నారు. కారణం అడిగితే, నిక్కీ మా బాగు కోరుతుందని తెలుసు, కానీ ఇప్పుడు పోరాడేవాడు కావాలి అన్నారు. ఇందులో హేలీ మీద ద్వేషం ఏమీ లేదు. అభ్యర్థిలో ఓటరు వెదికే గుణం మారిపోయింది. ఆమె అదే మనిషి.

నేను వేసింది హేలీకే. ఫిబ్రవరి 3న డెమొక్రాట్ల ప్రైమరీకి వెళ్ళి ఉంటే దీనిలో వేసే హక్కు పోయేది, అందుకని వెళ్ళలేదు. మెడికెయిడ్ విషయంలో నా ఫిర్యాదు అలాగే ఉంది.

నైరుతి | 2024 మార్చి 7

మొన్న సూపర్ మంగళవారం నాడు పదిహేను రాష్ట్రాలలో ఆమె గెలిచింది వెర్మాంట్ ఒక్కటే. అంతకుముందు వాషింగ్టన్ నగరంలో గెలిచి, రిపబ్లికన్ అధ్యక్ష ప్రైమరీలో నెగ్గిన తొలి మహిళ అయ్యారు. అక్కడ పోలైనవి రెండు వేల పైచిలుకు ఓట్లే అయినా ఆ మొదటి స్థానం ఆమెదే. మా టెక్సస్‌లో 17 శాతం. కాలిఫోర్నియాలో సగానికి మించి వచ్చినవారికే 169 మంది ప్రతినిధులూ దక్కే నియమం కనుక అక్కడ ఆమెకు ఒక్కరూ రాలేదు. నిన్న చార్లెస్టన్‌లో ప్రచారం ఆపేశారు. ట్రంప్‌ను సమర్థిస్తున్నట్లు చెప్పలేదు. తనకు ఓటు వేసినవారి మద్దతును సంపాదించుకోవలసిన బాధ్యత ఆయనదేనని అన్నారు.

ఫిబ్రవరిలో అలబామా న్యాయస్థానం కృత్రిమ గర్భధారణ కోసం నిల్వ ఉంచిన పిండాలను పిల్లలుగా పరిగణిస్తూ తీర్పు ఇచ్చినప్పుడు, తనకు కూడా అవి పిల్లలేనని ఆమె అన్నారు. గొడవయ్యాక, తీర్పుతో ఏకీభవిస్తున్నట్లు చెప్పలేదన్నారు. తన బిడ్డలనే వైద్యసహాయంతో కన్న తల్లి అలా తడబడటం చూసి నాకు కష్టమనిపించింది. ముందస్తు పోలింగ్‌లో నేను వెళ్ళింది ఆ మరుసటి రోజే. అయినా ఆమెకే వేశాను. మా పెద్దమ్మాయి కూడా రిపబ్లికన్ బ్యాలట్ తీసుకొని ఆమెకే వేసింది, నాతో ఏకీభవించి మాత్రం కాదట, ట్రంప్‌కు ఒక ఓటు తగ్గినా మేలని. ఓరుగల్లు గారి మొదటి ప్రశ్నకు మా ఇంట్లోనే రెండు జవాబులున్నాయి.

గోదారిగట్టు | 2024 మార్చి 8

జనవరిలో ట్రంప్, హేలీకి విరాళం ఇచ్చినవారికి తన శిబిరంలో శాశ్వతంగా చోటు లేదన్నారు. ఆమె బృందం ఆ మాటనే చొక్కాల మీద అచ్చువేసి అమ్మి నిధులు కూడబెట్టింది. మొన్న బైడెన్, ఆమె మద్దతుదారులకు తన ప్రచారంలో చోటుందని ప్రకటన ఇచ్చారు. ఇద్దరిలో ఎవరికీ ఆమె విధానాలతో పని లేదు, ఓటర్లతోనే పని. ఎనభై దాటిన అధ్యక్షుడు, ఎనభైకి దగ్గరవుతున్న మాజీ అధ్యక్షుడు. డెబ్బై అయిదు దాటిన నాయకులకు మానసిక సామర్థ్య పరీక్ష పెట్టాలని ఆమె ప్రచారం మొదలుపెట్టిన రోజే అన్నప్పుడు, నా వయసువాడిగా నాకు కొంచెం గుచ్చుకుంది. జనవరిలో కాంకర్డ్ సభలో ట్రంప్, ఆమెను డెమొక్రాట్ నాయకురాలు నాన్సీ పెలోసీగా పొరబడి మాట్లాడటం విన్నాక ఆ డిమాండు అంత అన్యాయంగా తోచలేదు.

సీమబిడ్డ | 2024 మార్చి 14

మా జార్జియాలో ఆమె తప్పుకున్న ఆరు రోజులకు ప్రైమరీ జరిగినా సుమారు 78 వేల ఓట్లు, అంటే 13 శాతం ఆమెకు పడ్డాయి. వాటిలో ముందస్తుగా వేసినవి ఎన్నో ఉన్నాయి. బహిరంగ ప్రైమరీ కనుక డెమొక్రాట్లూ ఉన్నారు. ఈ అంకెను చూసి పండగ చేసుకునేవారు ఆ రెండూ గమనించాలి. 2020లో ఈ రాష్ట్రం చేజారింది పన్నెండు వేల లోపు ఓట్లతోనని నాకు తెలుసు. అందుకే ఆమెను దూరం చేసుకోవద్దని మా కౌంటీ పార్టీ సమావేశంలో నేనే చెప్పాను. అభ్యర్థిగా ఆమె మీద నా అభిప్రాయం మారలేదు.

తుంగభద్ర (ఎక్స్‌టన్, పెన్సిల్వేనియా) | 2024 ఏప్రిల్ 25

ఇన్నాళ్ళూ చదువుతూ ఊరుకున్నాను, ఇప్పుడు రాయవలసివచ్చింది. మంగళవారం మా ప్రైమరీలో హేలీకి లక్షా యాభై వేలకు పైగా ఓట్లు, అంటే 16 శాతానికి పైగా వచ్చాయి. ఆమె తప్పుకొని ఏడు వారాలు కావస్తోంది. సీమబిడ్డ గారు చెప్పిన రెండు కారణాలూ ఇక్కడ వర్తించవు. మాది రిపబ్లికన్లుగా నమోదైనవారు మాత్రమే వేసే ఎన్నిక, ఓట్లు వేసింది కూడా ఆమె తప్పుకున్న తరువాతే. ఫిలడెల్ఫియా శివారు కౌంటీల్లో ఆమె వాటా ఇంకా ఎక్కువ. 2020లో ఇక్కడ బైడెన్ ఆధిక్యం సుమారు 80 వేలు.

నేను వేసిన ఓటు కూడా ఆ లెక్కలో ఉంది. ఆమె రాదని తెలిసి వేసిన ఓటును హేలీ మీద అభిమానమనవచ్చునా? నాకైతే అది పార్టీకి రాసిన ఉత్తరం. నాటో మిత్రులతో ఒప్పందాలు, బడ్జెట్ లోటు, ఓడినప్పుడు ఓటమిని అంగీకరించడం, ఈ మూడూ నాకు ముఖ్యమని చెప్పడానికి బ్యాలట్ మీద ఆ పేరు తప్ప మరొకటి లేదు.

సీమబిడ్డ | 2024 మే 23

నిన్న వాషింగ్టన్‌లో హడ్సన్ ఇన్‌స్టిట్యూట్ వేదిక మీద, నవంబరులో ట్రంప్‌కే ఓటు వేస్తానని హేలీ చెప్పారు. ఆయన తన మద్దతుదారులను చేరదీయాలని కూడా కలిపారు. ఈ నెల 7న ఇండియానాలో ఆమెకు పడిన 21 శాతం ఓటర్లకు ఇప్పుడు ఏమనిపిస్తోందో! జనవరిలో నేను రాసిన మలుపుల జాబితాకు ఇది మరొకటి. తుంగభద్ర గారి ఉత్తరాన్ని ఆమే తిరుగు టపాలో పంపినట్లయింది.

సాగరతీరం | 2024 మే 23

ఇందులో నాకు ఆశ్చర్యం లేదు. పార్టీ అభ్యర్థిని సమర్థిస్తానని నిరుడు చర్చల్లో పాల్గొనడానికి ఆమె సంతకం చేశారు. వయసు 52. మళ్ళీ 2028లో ఈ పార్టీ ఓటర్లనే అడగాలి. అయోవా, సౌత్ కరోలినా ఓటర్లు అప్పుడు ఆమెను అడిగే మొదటి ప్రశ్న, 2024లో ఎటున్నావని. ఆమె ఆ జవాబును ఇప్పుడే సిద్ధం చేసుకున్నారు.

తుంగభద్ర | 2024 మే 24

సీమబిడ్డ గారూ, ఉత్తరం రాసింది పార్టీకి, చేరింది కూడా. మీ కౌంటీ సమావేశంలో మీరు లేచి మాట్లాడటానికి కారణం అటువంటి ఓట్లే కదా. ఆమె ఎవరికి వేసుకుంటారన్నది ఆమె హక్కు, నా ఓటును ఆమెకు రాసి ఇవ్వలేదు. మా వీధిలో ఆమెకు వేసినవారిలో ఒకరు బైడెన్ వైపు వెళ్తున్నారు, ఇద్దరు గొణుక్కుంటూ ట్రంప్‌కే వేస్తారు. నేను సెనేట్‌కు మెకార్మిక్‌కు వేస్తాను, కాంగ్రెస్‌కూ శాసనసభకూ మా పార్టీవారికే వేస్తాను. అధ్యక్ష స్థానం దగ్గర ఏం చేయాలో అక్టోబరులో తపాలా బ్యాలట్ ఇంటికి వచ్చినప్పుడు నిర్ణయించుకుంటాను.